మూడో దెబ్బకు లేచిన చెయ్యి

అన్నం తింటూ మా పాప నవ్వినప్పుడల్లా ఆ నవ్వు ఎవరిదో నాకు తెలిసిపోయేది. ముందు పెదవులు బిగించి, ఆ తర్వాత ముక్కుతో చిన్నగా గాలి వదిలి నవ్వడం. మా ఇంట్లో అలా నవ్వేవాళ్లు లేరు. మా ఆయన నోరంతా తెరిచి నవ్వుతాడు. నేను కొంగు అడ్డం పెట్టుకుంటాను. పాప నోటి మీదికి వచ్చి కూర్చున్నది హైస్కూలు డ్రిల్లు మేడమ్ నవ్వు.

ఆమె కన్నడం మాట్లాడే హాసన్ వైపు నుంచి బదిలీ మీద వచ్చింది. అప్పటిదాకా మా బలసముద్రంలో ఆడపిల్లల ఆటంటే ఖోఖో, త్రోబాలు, అంతే. ఈమె వస్తూనే ఫుట్‌బాలు తెచ్చింది. బడి వెనక, సోలారు ప్లాంటు కంచె పక్కన రాళ్లు ఏరించి బయలు చదును చేయించింది. కంచె అవతల మా శనగచేను ఉండేది. ఇప్పుడు అక్కడ నల్లపలకలు వరసగా ఆకాశాన్ని చూస్తూ పండుకొని ఉంటాయి. బంతి కంచె దాటిందంటే సెక్యూరిటీ అతను తిట్టుకుంటూ తెచ్చి ఇచ్చేవాడు. రాను రాను తిట్లు మానేసి తనూ ఒక తన్ను తన్ని పంపడం మొదలుపెట్టాడు. ఊరంతా ఆమె వైపు అలా ఒరిగిపోయింది. నేను మాత్రం ఒరగలేదు.

ఎందుకు ఒరగలేదో చెప్పాలంటే మా కోలాటం గురించి చెప్పాలి.

మా నాయన భజన గురువు. గొర్లు కాసిన కులంలో పుట్టి, ఊరూరా భజన గుళ్లలో చెప్పిన పురాణాలు విని, రెండు తాలూకాల్లో కోలాటం నేర్పినవాడు. ఆయన పోయాక శనివారం భజన నా చేతికి వచ్చింది. పాడే పదాలు, కోపులు, కట్టుబాట్లు అన్నీ ఆయనవే. కోపు అంటే దెబ్బల వరస, అడుగుల వరస. మా పెద్ద కోపులో మొదటి దెబ్బ నీ కోలల్లో నీకే, రెండోది పక్కనున్నవాళ్లతో, మూడోది నీ జతకత్తెతో. ఆ మూడో దెబ్బ నొసటికి పైన పడాలి. కుడిచెయ్యి లేచి మణికట్టు లోపలికి తిరగాలి. ఎన్ని తిరుగుళ్లు తిరిగినా మూడో దెబ్బకు నీ జతకత్తె నీ ఎదుట ఉంటుంది. నా ఎదుట మా పాప ఉండేది. ఐదేళ్ల పిల్లగా ఉన్నప్పుడు నేను వంగి కొట్టేదాన్ని. తర్వాత నడుము నిలబెట్టి కొట్టినాను. పోయిన ఏడు నా చెయ్యే కొంచెం పైకి లేపాల్సి వచ్చింది.

కట్టుబాటు ఏమిటంటే, దీపం పెట్టేటప్పటికి అందరూ వచ్చి ఉండాలి. ఆలస్యమైనా, తాళానికి ముందే అడుగు వేసి కోపు చెడగొట్టినా, గురువు పేరు పెట్టి పిలిచి "చెప్పుల కాడ కూర్చో" అంటుంది. ఆ మనిషి కోలలు దేవుని ముందర పెట్టి, బయట చెప్పులు విడిచిన చోట, స్వామి వైపు తిరిగి కూర్చోవాలి. ఆమె జాగాలోకి ఇంకొకరు రాకూడదు. జతకత్తె మూడో దెబ్బ గాలికే కొట్టాలి. మళ్లీ ఎప్పుడు రావాలో గురువు చెప్పదు. తనంతట తాను వచ్చి, కోలలు కళ్లకద్దుకొని, తన జాగాలో నిలబడాలి. "పిలిస్తే అది బతిమాలడం అయితాది, భక్తి కాదు," అనేవాడు మా నాయన.

శ్రావణంలో ఒక శనివారం మా పాప మూడో పదం నడుస్తుండగా వచ్చింది. మోకాళ్ల దాకా ఎర్రదుమ్ము.

"మ్యాచ్ అయిపోలే మా," అంది వాకిట్లో నిలబడి.

గుడినిండా జనం ఉన్నారు. కన్నబిడ్డని వదిలేస్తే రేపు ఇంకొకరి బిడ్డకు ఏం చెప్పను? "చెప్పుల కాడ కూర్చో," అన్నాను. కూర్చుంది. మంగళం పాడేదాకా కూర్చుని, ఇంటికి పోయి స్నానం చేసి పండుకుంది. ఆ తర్వాతి శనివారం రాలేదు. ఆ తర్వాతి శనివారమూ రాలేదు.

నేను పిలవకూడదు. ఇంట్లో ఆమెకు తలంటి పోస్తాను, అన్నం పెడతాను, బడికి డబ్బా కడతాను. "కోలాటానికి రా" అన్న మాట మాత్రం నా నోట రాకూడదు. శ్రావణం పోయింది, వినాయకచవితి పోయింది. శనివారం వచ్చిందంటే మూడో దెబ్బ గాలికి కొడుతూ ఉన్నాను. గాలికి కొడితే భుజం నొప్పి పుడుతుంది. ఎదురు కోల ఉంటేనే చెయ్యి ఆగుతుంది.

తాళం వేసే అవ్వ ఒకామె ఉంది మా గుడిలో, పళ్లు లేవు, నాలుక మాత్రం ఉంది. "ఏమమ్మా గురువమ్మా, గాలిదేవునితో కోలాటమా?" అనింది ఒకరోజు. "యాడన్నా ఇంకో పిల్లని తెచ్చి నిలబెట్టరాదా?"

"నాయన పెట్టిన కట్టుబాటు అవ్వా."

"మీ నాయన పెట్టినాడు సరే. మీ నాయన బిడ్డ ఫుట్‌బాలు ఆడకపాయె!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

మనిషి లోపల ఉండే ఆరుగురు శత్రువుల గురించి మా నాయన చెప్పేవాడు. కామం, కోపం నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కదానికి ఒక్కో కథ. చివరిది మాత్సర్యం. "మిగతా అయిదూ వాకిట్లోంచి వస్తాయి, కనపడతాయి. ఇది మాత్రం మన వంటింట్లోనే పుడతాది," అనేవాడు. నేను పదిమందికి అదే చెప్పిన మనిషిని. మా వంటింట్లో అది ఎప్పుడు పుట్టిందో కూడా నాకు బాగా తెలుసు. ఆ రోజు సాయంత్రం పాప ఆట నుంచి వచ్చింది. పొద్దున నేను వేసిన జడ కాదు అది. నేను వేసేది వదులుగా మూడుపాయల జడ. అది తలకు అతుక్కున్నట్టు నడినెత్తి నుంచే బిగించి అల్లిన జడ.

"ఎవురు ఏసినారు మే?"

"మేడమ్. పరిగెత్తేటప్పుడు కండ్లల్లో పడతాండాదని."

రాత్రి నేను ఆ జడ విప్పాను. గట్టిగా అల్లింది, పాయ పాయా విడదీయడానికి చాలాసేపు పట్టింది. పాప నిద్రమత్తులో ఊగుతూ ఉంది. ప్రతి పాయలోనూ మేడమ్ వేళ్లు దొరుకుతున్నట్టు అనిపించింది.

మా ఆయన ప్లాంటులో పలకలు కడిగే పనికి పోతాడు. తెల్లారుజామునే పోయి మధ్యాహ్నానికి వస్తాడు. సాయంత్రం అరుగు మీద తండ్రీబిడ్డల ముచ్చట. నేను లోపల రొట్టెలు చేస్తూ వింటూ ఉండేదాన్ని. ఆ ఆట గురించి పాప చెప్పేదంతా తండ్రికే. నన్ను ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు.

"ఆఫ్‌సైడు అంటే ఏంది పాపా? మా సెక్యూరిటీ వాడు రోజూ అంటాడు. వానికీ తెల్దు."

"చూడు నాయనా. మనోళ్లు బంతి నాకు తన్నతాండారనుకో. అవతలోళ్ల గోలు నాకు ముందర ఉండాది. నాకూ ఆ గోలుకూ నడాన వాళ్లల్లో ఇద్దురన్నా ఉండల్ల. ఒకరు మామూలుగా గోల్‌కీపరు, ఇంకొకరు ఎవురైనా సరే. ఒక్కరే ఉండి నేను ముందరికి పోయి నిలబడుకోనుంటే ఆఫ్‌సైడు."

"గోలు కాడ ముందే పోయి నీడలో కూర్చుంటే ఎంత సుకం! దాన్నీ తప్పంటే ఎట్ల?"

"అందుకే తప్పు. అందరూ ఆడనే కూర్చుంటారు నీ మాదిరి."

"సరే. సెక్యూరిటీ వాడు గేటు కాడ ఉండాడు. వానికి ముందర వాని కుక్క. నేను కుక్కను దాటి నిలబడుకుంటే తప్పు. అంతేనా?"

"కుక్కను దాటొచ్చు నాయనా! బంతి బయల్దేరినాక దాటొచ్చు. మనోళ్లు తన్నేటప్పుడు నువ్వు యాడుండావో అదే లెక్క. కుక్క పక్కనే సమానంగా ఉన్నా పర్వాలే."

"మరి బంతికి వెనకల ఉంటే?"

"వెనకల ఉంటే ఏమీ లే. మన సగంలో ఉన్నా ఏమీ లే. చేతుల్తో బయట నుంచి విసిరే త్రో ఉంటాది చూడు, దానికీ ఆఫ్‌సైడు లే."

"ఓయమ్మా, మా ప్లాంటోళ్లు కూడా ఇన్ని షరతులు పెట్టలేదు!"

ఇద్దరూ నవ్వుకున్నారు. తండ్రిది తండ్రి నవ్వు, బిడ్డది మేడమ్ నవ్వు. పెనం మీద రొట్టె మాడింది.

మర్నాడు నేనే అడిగాను. గిన్నెలు తోముతూ, ఆమె వైపు చూడకుండా. "ఆ ఆఫ్‌సైడు మీ మేడమ్ బాగా అర్థం చేపిచ్చినట్లుంది?"

పాప కళ్లు మెరిశాయి. నేను అడిగానని. "మేడమ్ బోర్డు మీద గీసి చెప్పింది మా. ఎవురికీ ఎక్కలే. అప్పుడు నేను కోలాటం చెప్పినా. దెబ్బ పడినాక అడుగు ఎంత దూరమన్నా ఎయ్యి, దెబ్బకు ముందర ఏస్తే తప్పు అని మా అమ్మ అంటాది అని. అందరికీ టక్కున ఎక్కింది. మేడమ్ శానా మెచ్చుకునింది."

ఆ మాటలో "మా అమ్మ అంటాది" అని ఉంది. నా చెవికి మాత్రం చివరిదే పడింది. మా నాయన కట్టిన కోపు, ఇంతమంది చేత ఆడించిన కోపు, ఒక బయటి మనిషి మెప్పుకోసం బోర్డు ముందర పెట్టి వచ్చింది నా బిడ్డ. ఆ మేడమ్ నా జతను తీసుకుంది, జడను తీసుకుంది, ఇప్పుడు తాళాన్ని కూడా తీసుకుంది అనుకున్నాను.

ఆ వారంలోనే గొర్లను కంచె వెంబడి తోలుకుపోవడం మొదలుపెట్టాను. అక్కడ గడ్డి లేదని గొర్లకు తెలుసు, నాకూ తెలుసు. తప్పు ఎంచాలని పోయాను. ఆడపిల్లలు నిక్కర్లు వేసుకున్నారా, ఒకరినొకరు తోసుకుంటున్నారా, దీపం వేళ దాటిపోయేలా ఆడిస్తున్నారా అని. తప్పు ఎంచాలన్నా ముందు ఆట అర్థం కావాలి కదా. అందుకని చూశాను. గోల్‌కీపరు తప్ప, అదీ తన పెట్టె గీతల్లోపల తప్ప, ఎవరూ బంతికి చెయ్యి తగలనీయకూడదని చూశాను. బంతి గీత మీద ఉంటే గోలు కాదని, మొత్తం దాటితేనే గోలని చూశాను. ఒకరోజు ఒక పిల్ల ఆఫ్‌సైడు జాగాలో ఊరికే నిలబడి ఉంది. బంతి వేరే పక్క పోయింది. మేడమ్ ఈల వేయలేదు. అక్కడ ఉండడం తప్పు కాదన్నమాట, అక్కడ ఉండి ఆటలో చెయ్యి పెడితేనే తప్పు.

నాకు తెలియకుండానే ఆ రోజు ఆలోచనలో పడ్డాను. ప్రాణం పోయే క్షణంలో మనసు ఎక్కడ ఉందో దాన్ని బట్టే గతి అని మా పురాణాల్లో చెబుతారు. అంతకు ముందు ఎక్కడ తిరిగావు, తర్వాత ఎక్కడికి పోతావు అని కాదు. బంతి బయల్దేరిన ఆ ఒక్క క్షణం. ఈ ఆట కట్టినవాళ్లెవరో గానీ సత్సంగంలో కూర్చున్నవాళ్లే అయ్యుంటారు అనిపించింది. అలా అనిపించినందుకు నా మీద నాకే ఒళ్లు మండింది.

మేడమ్ నన్ను చూసింది. నీళ్ల సీసా పట్టుకొని కంచె దగ్గరికి వచ్చింది. కన్నడంలో, మెత్తగా, "అమ్మా, బన్ని, ఇటు రండి, ఈ నీడలో కూర్చోండి," అంది. చిన్న వయసు, ఎండకు కమిలిన ముఖం. గర్వం ఉంటే బాగుండేది. పొగరుగా మాట్లాడితే నా పని సులువయ్యేది. అదేమీ లేదు.

"గొర్లు ఉండాయి," అన్నాను.

"మీ అమ్మాయి ఎప్పుడూ మీ మాటే చెబుతుంది."

నేను నమ్మలేదు. ఏదో ఒకటి అడగాలి కాబట్టి ఆమె జేబులోని కార్డుల గురించి అడిగాను, నాకు వచ్చిన కన్నడంలో. ఆమె తీసి చూపించింది. పసుపుపచ్చది హెచ్చరిక. ఒకే మ్యాచులో రెండు పచ్చలు వస్తే ఎర్రది. పెద్ద తప్పయితే నేరుగా ఎర్రదే. గోలు అయ్యే బంతిని చేత్తో ఆపడం, కావాలని తన్నడం, ఉమ్మేయడం లాంటివి.

"ఎర్రది చూపిస్తే?"

"బయటికి పోవాలి. ఆమె బదులు ఇంకొకరు రాకూడదు. మిగిలిన పదిమందే ఆడాలి. మా పక్కన బెంచీ మీద కూడా కూర్చోకూడదు, గీతలకు దూరంగా పోవాలి."

నా చేతిలోని కట్టె నేలకు ఆనించుకున్నాను. "ఆ జాగా ఖాళీగానే ఉంటాదా?"

"ఖాళీగానే."

"మళ్లా ఎవురు పిలుస్తారు లోపలికి?"

ఆమెకు ప్రశ్న వింతగా తోచినట్టుంది. పెదవులు బిగించి, ముక్కుతో నవ్వింది. "ఎవరూ పిలవరమ్మా. ఆ మ్యాచు అయిపోయినట్టే. తర్వాతి మ్యాచు కూడా బయటే. ఆ తర్వాత తనే వస్తుంది."

"రాకపోతే?"

"ఆట కావాలి కదా. వస్తుంది."

ఎంత నమ్మకం ఆ గొంతులో! ఆ నమ్మకం చూసి నాకు పుట్టిన కుళ్లు ఇంతా అంతా కాదు. తన దగ్గర నుంచి పోయినవాళ్లు తిరిగి వస్తారని ఆమెకు తెలుసు. నాకు తెలియదు.

తాలూకా పోటీల్లో మా పిల్లలు సెమీఫైనలు దాకా పోయారు. ఆ మ్యాచు పావగడలో, ఒక గురువారం. మా ఆయన ప్లాంటులో సెలవు పెట్టాడు. బండి మీద ఇద్దరం పోయాం. దారి పొడుగునా "మనము గెలుస్తాం, మనము గెలుస్తాం" అంటూ ఉన్నాడు. నేను స్వామిని తలుచుకుంటూ కూర్చున్నాను గానీ ఏమి అడగాలో తెలియలేదు. గెలిస్తే మేడమ్ గెలుపు. ఓడితే నా బిడ్డ ఏడుపు. అడగకుండానే పావగడ వచ్చేసింది.

మైదానం గీతలకు దూరంగా తాడు కట్టారు. తాడు ఇవతల, వేపచెట్టు నీడలో, మా పిల్లలు బూట్లు వేసుకునేటప్పుడు విడిచిన చెప్పులు కుప్పగా ఉన్నాయి. నేను అక్కడే నిలబడ్డాను. మేడమ్ ఆ చివర బెంచీ దగ్గర. మా పాప వెనక వరసలో ఆడుతుంది, గోలుకు కాపలా. నేను ఒక కన్ను బిడ్డ మీద, ఒక కన్ను మేడమ్ మీద పెట్టాను. ఊపిరి తీసుకోవాల్సి వచ్చినప్పుడల్లా పాప చూసింది ఆ బెంచీ వైపే. ఒక్కసారీ ఇటు చూడలేదు.

రెండో సగంలో మావాళ్లు ఒక గోలు వేశారు. మా ఆయన తెలియనివాళ్లను కూడా కౌగిలించుకున్నాడు. ఆ తర్వాత అవతలివాళ్లు మీద పడ్డారు. ఆట ఇంక కొంచెంలో అయిపోతుందనగా వాళ్ల పిల్ల ఒకతి దూరం నుంచి ఎత్తుగా తన్నింది. మా గోల్‌కీపరు ముందుకు వచ్చి ఉంది, బంతి ఆమె నెత్తి మీదుగా పోయింది. గీత మీద మా పాప ఒక్కతే. బంతి ఆమె నొసటికి కొంచెం పైన వచ్చింది.

కుడిచెయ్యి లేచింది.

చూస్తున్న అందరికీ ఒక పిల్ల చేత్తో బంతిని ఆపడం కనిపించింది. నాకు కనిపించింది వేరే. మణికట్టు లోపలికి తిరిగి ఉంది. మోచెయ్యి చెవి పక్కన ఉంది. ఎడమ మడమ నేల మీద నుంచి లేచి ఉంది. నేను ఐదేళ్ల పిల్ల చెయ్యి పట్టుకొని, వంగి, ఇలా కాదు అలా అని దిద్దిన చెయ్యి అది. పైనుంచి ఏదన్నా వస్తే ఎదురు పోయి తగలాలని ఆ చేతికి తప్ప ఇంకే చేతికి తెలుసు?

ఈల. పెనాల్టీ. ఎర్రకార్డు.

మా ఆయన "అదేమప్పా, తెలీక తగిలింది!" అని అరుస్తున్నాడు. అరిచి లాభం లేదని నాకు తెలుసు. గోలయ్యే బంతిని చేత్తో ఆపితే అంతే. పాప కార్డును చూసింది, తన చేతిని చూసుకుంది, నడవడం మొదలుపెట్టింది. మేడమ్ బెంచీ దగ్గర నుంచి రెండడుగులు వేసింది. రెఫరీ తోడు మనిషి చెయ్యి అడ్డం పెట్టి నిలిపాడు. ఆట అయ్యేదాకా ఆమె అక్కడే ఉండాలి. పాప అక్కడికి పోకూడదు.

నాకు ఆ క్షణం ఎలా ఉందో దాచను. నా బిడ్డ ఏడుస్తూ నడిచి వస్తోంది, నా గుండె మాత్రం ఎగిరింది. ఆ ఆట నియమమే ఆమెను ఆ మనిషి దగ్గరికి పోనీయకుండా నా వైపు పంపుతోంది.

తాడు కింద దూరి వచ్చి, చెప్పుల కుప్ప పక్కన కూలబడింది. ఎవరూ చెప్పలేదు అక్కడ కూర్చోమని. మైదానం వైపు తిరిగి కూర్చుంది.

నేనూ పక్కన కూర్చున్నాను.

"మా," అంది. "నేను ఎత్తలే. చెయ్యి అదే లేసింది."

"నాకు తెలుసులే."

"అందరూ కావాలని చేసిందనుకుంటారు."

"మూడో దెబ్బ అది," అన్నాను.

ఆమె నా వైపు తిరిగింది. ముఖమంతా దుమ్ము, కన్నీళ్లు. అప్పుడు తన చేతిని మళ్లీ చూసుకుంది, మణికట్టు తిప్పి. "అవ్ను," అంది. తర్వాత ఏడుపులోనే నవ్వింది. నోరంతా తెరిచి, తండ్రి మాదిరి.

పెనాల్టీ కొట్టిన పిల్ల బంతిని గోలు కట్టె మీదుగా ఆకాశంలోకి తన్నింది. మా ఆయన నేల మీద కూర్చుండిపోయాడు. ఇంకా కొంచెం ఆట మిగిలింది. మావాళ్లు పదిమందే. ఒక పిల్ల, రోజూ పాపకు బంతి ఇచ్చి అలవాటైన పిల్ల, తిరిగి చూడకుండానే వెనక్కి తన్నింది. అక్కడ ఎవరూ లేరు. బంతి ఖాళీ జాగాలోంచి దొర్లుకుంటూ గీత దాటిపోయింది. ఆ పిల్ల తల పట్టుకుంది. నా భుజం నొప్పి పెట్టింది. పాప కాలు కూడా దుమ్ములో కదిలింది, ఆ బంతిని అందుకోవడానికి.

గెలిచారు. చివరి ఈల పడగానే మేడమ్ మైదానం అడ్డంగా పరిగెత్తుకొని వచ్చింది. మిగతా పిల్లల దగ్గరికి పోలేదు. నేరుగా తాడు దగ్గరికి వచ్చి, మోకాళ్ల మీద కూర్చుని, నా బిడ్డ తలను తన భుజానికి ఆనించుకుంది. పాప ఆమె మెడ పట్టుకొని మళ్లీ ఏడ్చింది. నా దగ్గర అంతసేపూ అలా ఏడవలేదు. మళ్లీ మొదలైంది నాకు లోపల.

"చెయ్యి ఎందుకు ఎత్తావు బిడ్డా?" అని అడిగింది మేడమ్ కన్నడంలో.

పాప ఆమె భుజం మీద నుంచి నన్ను చూసింది. నేనూ చూశాను. "ఏమో మేడమ్," అంది.

ఆ "ఏమో" నాకు దక్కింది. బోర్డు ముందర పెట్టని మాట ఒకటి మా ఇద్దరి మధ్యా మిగిలింది. ఇంటికి పోయేదాకా, బండి వెనక, దాన్ని కొంగులో ముడివేసుకున్నట్టు మోసుకుపోయాను.

ఫైనలు శనివారం వచ్చింది. ఎర్రకార్డు తిన్నవాళ్లకు ఆ మ్యాచు లేదు. పాప పావగడకు పోయి చూడొచ్చు, మేడమ్ ఫోను చేసి రమ్మనింది కూడా. పొద్దున నుంచీ ఇంట్లో ఆ మూలా ఈ మూలా తిరిగింది. "ఆడ తాడు బయట నిలబడుకోలేనమ్మా," అంది మధ్యాహ్నం. పిలవకూడదు. అన్నం పెట్టాను, తల దువ్వాను. వదులుగా, మూడుపాయల జడ.

దీపం వేళకు నేను గుడికి పోయాను. పదం ఎత్తుకునే ముందు అందరూ జాగాల్లో నిలబడ్డారు. నా ఎదుట ఖాళీ. అవ్వ తాళం పట్టుకొని నన్ను చూసి పెదవి విరిచింది. నేను కళ్లు మూసుకున్నాను. తెరిచేటప్పటికి పాప స్వామి ముందర ఉంది. కోలలు తీసి కళ్లకద్దుకుంది. వచ్చి తన జాగాలో నిలబడింది. సెల్‌ఫోను చెప్పుల పక్కన పెట్టి వచ్చిందని తర్వాత చూశాను.

"వచ్చెనే నా తల్లి," అంది అవ్వ. "మీ అమ్మ గాలిని కొట్టీ కొట్టీ గాలికే దెబ్బలు తగిలినాయి పో!"

మొదటి దెబ్బ. రెండో దెబ్బ. మూడోదానికి చెయ్యి లేపాను. నొసటికి పైన, కట్టె మీద కట్టె, ఠంగుమని తగిలింది. ఆ శబ్దం కోసం నేను ఎన్ని శనివారాలు నోరు మూసుకున్నానో స్వామికి తెలుసు.

ఆమె నా కోసం వచ్చిందా, అటు దారి మూసుకుపోయిందని వచ్చిందా? ఆ ప్రశ్న తాళం మధ్యలోనే వచ్చింది. మాత్సర్యానికి మంచి వేళ, చెడ్డ వేళ లేదు. నాలుగో పదంలో బయట ఫోను మోగింది. పాప కోల వెంట్రుకవాసి ఆలస్యంగా వచ్చి నా కోలకు తగిలింది. ఇంకెవరికీ తెలియలేదు, నాకు తెలిసింది. మంగళం దాకా ఎవరూ జాగా వదలకూడదు. ఫోను మోగి మోగి ఆగింది. మళ్లీ మోగింది. ఆ పదంలో చివరి చరణం ఒక్కసారి పాడితే చాలు. నేను రెండుసార్లు పాడించాను.

హారతి కళ్లకద్దుకోగానే పాప పరిగెత్తింది. మెట్ల మీద నిలబడి ఫోనులో మాట్లాడింది. అటువైపు పిల్లల అరుపులు నాకు ఇక్కడికి వినిపించాయి. వాటి మధ్యలో మేడమ్ గొంతు. పాప ఎగిరి గంతేసింది.

"గెలిచినారు మా! జిల్లాకు పోతాండాము, తుమకూరుకు! మేడమ్ నీకు కూడా చెప్పమనింది."

"పోతాండాము అంటావేంది? నిన్ను బయట పెట్టినారు కదా?"

"ఆ మ్యాచు ఈ పొద్దుతో అయిపాయ కదమ్మా. ఎర్రకార్డుకు బయట ఉండేది ఒక్క మ్యాచే."

నేను ఆమె కోలలు, నా కోలలు కలిపి గుడ్డలో చుడుతూ ఉన్నాను.

"ఒక్కటేనా?" అన్నాను.